కొండబాటపై గుఱ్ఱమును సైకిలును

అమెరికా సంయుక్త రాష్ట్రముల పశ్చిమ భాగమున, జాతీయోద్యానములందును, రాష్ట్ర ప్రభుత్వముల వనములందును, నగరముల చెంతనున్న కొండలయందును, ఇద్దఱు పక్కపక్కన నడచుటకు చాలని మట్టిబాటలు వేల మైళ్ళ పొడవున అల్లుకొని యున్నవి. ఆ బాటలపై నడచువాడు, గుఱ్ఱమునెక్కి పోవువాడు, కొండసైకిలు తొక్కువాడు, ముగ్గురును తమకు హక్కు కలదందురు. నడచువాని హక్కును కాదనువారెవరును లేరు. తక్కిన ఇరువురి నడుమ మాత్రము నలువది యేండ్లకు పైబడి ఒక వివాదము సాగుచున్నది. అది చట్టసభలకెక్కినది, న్యాయస్థానములకెక్కినది, శాస్త్రజ్ఞుల పరిశోధనలకు సైతము విషయమైనది, ఐనను సమసిపోలేదు. దూరమునుండి చూచువారికి ఇది తీరికగల సంపన్నుల విలాసకలహముగా తోపవచ్చును. కాని సర్వజనులకును చెందిన భూమిని భిన్నాభిరుచులు గలవారు ఎట్లు పంచుకొనవలెనను ప్రశ్న దీనియందు ఇమిడియున్నది గనుకను, ఒక పక్షమువారికి ఎముకలు విరుగుట వఱకు పోగల నిజమైన అపాయము ఇందు కలదు గనుకను, దీనిని మొదటినుండి పరిశీలించుట అవసరమని నా అభిప్రాయము.

ఈ వివాదమునకు పుట్టినిల్లు కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీ. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి గోల్డెన్‌గేట్ వంతెన దాటి ఉత్తరముగా పోయినచో, సముద్రపు పొగమంచు ఒకవైపునను, వేసవి యెండకు పసిడివన్నె దేరిన గడ్డిమిట్టలు వేఱొకవైపునను గల ఆ సీమలో, 2,571 అడుగుల ఎత్తున టామల్పాయిస్ శిఖరము కానవచ్చును. 1908లో జాతీయ స్మారకముగా ప్రకటింపబడిన మ్యూర్ వుడ్స్ రెడ్‌వుడ్ వృక్షవనము దాని పాదమున నున్నది; ఉద్యోగరీత్యా ఆ ప్రాంతమున స్థిరపడిన తెలుగువారు, స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులను తీసికొనిపోయి చూపు తావులలో అదియు నొకటి. 1896 నుండి 1930 వఱకు ఆ కొండపైకి అసంఖ్యాకములగు మెలికలు తిరుగుచు రైలు నడచెను. పట్టాలు ఊడదీసిన పిదప ఆ రైలుకట్ట వెడల్పు బాటగా మిగిలినది. పాదచారులును రౌతులును ఆ కొండపై తరతరములుగా సంచరించుచు వచ్చిరి. కొండ అంతయు ఒక్క యజమానిది కాదు. కొంత జలసరఫరా సంస్థది, కొంత రాష్ట్ర వనశాఖది, కొంత కౌంటీది, కొంత 1972లో ఏర్పడిన గోల్డెన్‌గేట్ జాతీయ విహారస్థలమునకు చెందినది. ఒక్క పూట ప్రయాణములో ఈ హద్దులను పలుమార్లు దాటవలసి వచ్చును. దాటినప్పుడెల్ల నిబంధనలు మారవచ్చును. కలహము ముదురుటకు ఈ బహునాయకత్వము కొంత దోహదము చేసినదని చెప్పక తప్పదు.

1970 దశకము నడుమ, ఆ కొండల నడిమినున్న ఫెయిర్‌ఫాక్స్ ప్రాంతపు యువకులు కొందఱు, రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు ష్విన్ సైకిళ్ళను ఎక్కడెక్కడనో సేకరించి, లావాటి టైర్లు తొడిగి, కొండమీదికెక్కించి, అచటినుండి క్రిందికి వదలజొచ్చిరి. 1976 అక్టోబరు 21వ తేదీన వారి తొలి పందెము పైన్ మౌంటెన్ వాలున జరిగెను. సుమారు రెండు మైళ్ళ దూరములో 1,300 అడుగులు దిగు ఆ దారిలో, పెడలు వెనుకకు తొక్కినచో పట్టెడి పాతకాలపు బ్రేకు ఎంతగా కాగెడిదనగా, చక్రపు నాభిలోని గ్రీజు పొగయై పోయి, దిగిన పిమ్మట మరల క్రొత్త గ్రీజు కూరవలసి వచ్చెడిది. ఆ దారికి ‘రీప్యాక్’ అను పేరు అందుచేతనే స్థిరపడినది. గ్యారీ ఫిషర్ దానిని 4 నిమిషముల 22 సెకన్లలో దిగెను. చార్లీ కెల్లీ పందెములను నిర్వహించుచుండెను. జో బ్రీజ్ 1977లో కొండదారులకే తగునట్లు క్రొత్త చట్రము నొకదానిని నిర్మించెను. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ ‘స్టంప్‌జంపర్’ను కర్మాగారములో పెద్దసంఖ్యలో చేయించి అమ్మకమునకు పెట్టుటతో, కొలదిమంది మిత్రుల వినోదము దేశవ్యాప్తమైన క్రీడగా మారిపోయెను. వెనుకనుండి బండి గాని మనిషి గాని వేగముగా రాడని నమ్మి, కళ్ళెము వదులుగా పట్టుకొని పోవుటకు అలవాటుపడిన రౌతులకు, ఆ నమ్మకము పది సంవత్సరములలోపల పోయినది.

ఇక్కడ గుఱ్ఱపు స్వభావమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. ఏలయనగా ఈ వివాదమును గుఱ్ఱమెక్కనివారు వ్రాసినపుడు తఱచుగా విడిచిపెట్టునది ఇదియే. గుఱ్ఱము వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. దాని కన్నులు తలకు ఇరుపక్కల నుండుటచే ఇంచుమించు 350 డిగ్రీల మేర అది చూడగలదు. సరిగా వెనుకభాగమును, నొసటికి ఎదురుగా నున్న కొంత చోటును మాత్రమే దానికి కానరావు. కనుకొనలలో కదలిన దేనినైనను అది పోల్చుకొనుటకు ముందే శరీరము పరుగునకు సిద్ధపడును. పొదలు మూసిన యొక మలుపును ఊహింపుడు. ఒకవైపు నిట్టనిలువు గట్టు, రెండవవైపు లోయ. గుఱ్ఱము నడకలో పోవుచున్నది. ధూళిపై రబ్బరు టైరు దొరలునపుడు వచ్చు సవ్వడి మనిషికి వినబడుటకు పూర్వమే దాని చెవి యొకటి వెనుకకు తిరుగును, మెడ బిగియును. మఱుక్షణమున తలకు టోపీ, కన్నులకు అద్దములు, వంగిన వీపు గల ఆకారమొకటి, కాళ్ళు కదలినట్లు లేకయే, గాలివలె వచ్చి పడును. అది మనుష్యుడని గుఱ్ఱమునకు తెలియుటకు ఆధారమేమియు లేదు. నడక లేదు, మాట లేదు, ముఖము లేదు. అయిదువందల కిలోల దేహము ఒక్కపెట్టున పక్కకు దుముకును. రికాబులో పాదము సరిగా నిలువని రౌతు గట్టుపై పడినచో అదృష్టము. లోయవైపు పడినచో చెప్పనక్కఱలేదు.

అదే మలుపులో అదే సైకిలువాడు ముందే వేగము తగ్గించి, ఆగి, కాలు నేల నుంచి, బాటకు దిగువవైపునకు తొలగి, “గుడ్ మార్నింగ్, మీ గుఱ్ఱము సైకిళ్ళకు అలవాటేనా?” అని మామూలు గొంతుతో పలికినచో, దృశ్యము పూర్తిగా మారిపోవును. మాట వినగానే బిగిసిన మెడ సడలును. చెవులు రెండును ముందుకు తిరుగును. తల వంచి ముక్కుతో ఆ క్రొత్త వస్తువును వాసన చూచుటకు గూడ అది ప్రయత్నించును. దిగువవైపు నిలువుమని చెప్పుటకును కారణము కలదు: ఎగువ గట్టునుండి మీదికి దుముకు క్రూరమృగములకు భయపడుట గుఱ్ఱపు జాతి స్వభావము. ఒక్క పలుకును, ఒక్క అఱనిమిషపు ఆలస్యమును ఇంత భేదమును కలిగింపగలవను సంగతి ఈ సమస్య మొత్తమునకు కీలకము. తక్కిన వాదములన్నియు దీని చుట్టును పెరిగినవేయని నా దృఢవిశ్వాసము.

సైకిలువారి ఆవేదనయు తేలికగా త్రోసివేయదగినది కాదు. వారమంతయు నగరమున పనిచేసి, శనివారము ఉదయమున కారును కదలింపక తన యింటి గుమ్మమునుండియే తొక్కుకొని కొండకెక్కిన యువకునకు, చెట్లనీడన పోవు సన్నబాట మొదటనే, సైకిలు బొమ్మపై ఎఱ్ఱగీత గల పలక యెదురగును. గుఱ్ఱములను ట్రయిలరులో పెట్టి పెద్ద వాహనముతో లాగించుకొని వచ్చినవారు ఆ పలకను దాటి లోనికి పోవుట చూచి, ప్రకృతికి ఎవరు ఎక్కువ భారమని అతడు ప్రశ్నించుకొనుట సహజము. అతనికి మిగిలినది, కార్చిచ్చులను ఆర్పు బండ్లు పోవుటకై తీసిన వెడల్పు బాట. అది తఱచుగా నిటారుగను, నీడలేక, గులకరాళ్ళతో నిండియు నుండును. వంకర సన్నబాటపై సైకిలు సహజముగా మెల్లగా పోవుననియు, నిటారు వెడల్పు బాటపై వేగము దానంతటదే హెచ్చుననియు సైకిలువారు చేయు వాదములో బలము కలదు. నిషేధము ఒక్కొక్కచోట తాను వారింపదలచిన వేగమునే పెంచినది. ఐనను సన్నబాటపై ఎదురుపడినపుడు తప్పుకొనుటకు చోటుండదు గదా యని రౌతులు ఇచ్చు సమాధానమును అంతే బలవత్తరమైనది.

శాసనముల చరిత్రకు వత్తము. 1964 నాటి నిర్జనారణ్య శాసనము, ఆ పేర సంరక్షింపబడు అడవులలో మోటారు వాహనములతోబాటు ఇతర యాంత్రిక రవాణా సాధనములనుగూడ నిషేధించినది. అప్పటికి కొండసైకిలు పుట్టలేదు. 1966లో అటవీశాఖ చేసికొన్న నియమములు, యంత్రరవాణా యనగా ప్రాణములేని శక్తిచే నడచునదని నిర్వచించినవి. ఆ లెక్కన కాలితో తొక్కు సైకిలు బయటపడవలెను. కాని 1977లో ఆ శాఖయే సైకిలును పేరుపెట్టి నిషేధించెను, 1984లో ఆ నిషేధమును సందేహమునకు తావులేకుండ స్థిరపఱచెను. గుఱ్ఱమునకు ఆ అడవులు తెఱచియే యున్నవి. 1987లో జాతీయోద్యానశాఖ, రోడ్లపైనను, ప్రత్యేకముగా నిర్దేశించిన మార్గములపైనను తప్ప సైకిలు పోరాదని నియమము చేసెను. దానినాధారము చేసికొని గోల్డెన్‌గేట్ విహారస్థలమువారు 1992లో అనేకములగు బాటలను సైకిళ్ళకు మూసివేయగా, మరీన్ సైకిలువారి సంఘము న్యాయస్థానమున కెక్కినది. 1996లో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము శాఖ పక్షమున తీర్పు చెప్పెను. ఆ తీర్పు అధికారమెవరిదో తేల్చినది. ఏ బాటపై ఎవరు పోవుట ఉచితమో తేల్చుట దాని పనికాదు. తీర్పును జయముగా ఉత్సవము చేసికొన్నవారును, అన్యాయముగా దూషించినవారును ఈ భేదమును గమనించియుండిన బాగుండెడిది. 2012లో ఉద్యానశాఖయే తన నియమమును కొంత సడలించి, ఉన్న బాటలను సైకిళ్ళకు తెఱచు పద్ధతిని స్థానికాధికారులకు కొంత సులభము చేసినది.

ఈ సందర్భమున చరిత్రయందలి యొక ఘట్టమును స్మరింపక ఉండలేను. 1897లో అమెరికా సైన్యమునందలి 25వ పదాతిదళమునకు చెందిన నల్లజాతి సైనికులు ఇరువదిమంది, లెఫ్టినెంటు జేమ్స్ మాస్ నాయకత్వమున, మోంటానాలోని మిసూలా నుండి సెయింట్ లూయీ నగరమునకు 1,900 మైళ్ళు సైకిళ్ళపై ప్రయాణము చేసిరి. సైకిలునకు గడ్డి అక్కఱలేదు, నీరు అక్కఱలేదు, గనుక సైన్యములో అది గుఱ్ఱమునకు బదులు కాగలదేమో చూడవలెనని ఆ పరీక్ష. బురదలో, ఇసుకలో, రైలుకట్ట కొయ్యదిమ్మలపై ఆ బరువైన సైకిళ్ళను నెట్టుకొని పోయిన ఆ సైనికుల కష్టము వర్ణనాతీతము. పరీక్ష సఫలమైనను సైన్యము ఆ ప్రయత్నమును కొనసాగింపలేదు. అదే మిసూలా పట్టణపు సరిహద్దునందలి రాటిల్‌స్నేక్ విహారప్రాంతమున, సుమారు నూఱేండ్ల తరువాత, బాటలపై కలహమును గూర్చిన ప్రసిద్ధ పరిశోధన యొకటి జరిగినది.

ఆ పరిశోధనకు పూర్వరంగముగా 1980లో జేకబ్, ష్రైయర్ అను ఇరువురు పండితులు, విహారములందు కలహము ఎట్లు పుట్టునో వివరించిరి. ఒకడు కోరివచ్చిన ప్రయోజనమునకు వేఱొకని ప్రవర్తన అడ్డు తగులుటయే కలహమనియు, ఆ క్రీడను ఎంత నిష్ఠతో చేయుచున్నాడు, ఆ స్థలముపై ఎంత మమకారము పెంచుకొన్నాడు, ప్రకృతిని ఏ విధముగా అనుభవింపగోరుచున్నాడు, తనకంటె భిన్నముగా జీవించువారిని ఎంత సహింపగలడు అను నాలుగింటిపై దాని తీవ్రత ఆధారపడియుండుననియు వారి సిద్ధాంతము. 1991లో వాట్సన్, విలియమ్స్, డేగిల్ అను పరిశోధకులు రాటిల్‌స్నేక్‌లో పాదచారులను, సైకిలువారిని ప్రశ్నించి చూడగా, పాదచారులు సైకిలువారివలన కలుగు ఇబ్బందిని చాల ఎక్కువగా చెప్పుకొనిరి. సైకిలువారికి పాదచారులవలన ఇబ్బంది యున్నట్లే అంతగా తోపలేదు. ఈ ఏకపక్షత్వమును తరువాతివారును మాటిమాటికి కనుగొనిరి. వేగము గలవాడు మెల్లగా పోవువానిని దాటిపోవును గనుక, తాను దాటిన క్షణమును అతడు తొందరలోనే మఱచును; దాటబడినవాడు ఆ రోజంతయు మఱువడు. గుఱ్ఱపు విషయమున ఈ అసమత పదిరెట్లని నేనందును, ఏలయనగా అక్కడ బాధ మనసుతో ఆగదు. మా వలన ఎవరికి నష్టము కలిగినదని సైకిలువాడు నిష్కపటముగా అడుగును. రౌతునకు ఆ ప్రశ్నయే అవమానముగా వినబడును. ఇద్దఱును అసత్యమాడుటలేదు.

మన్ను మాటకు వత్తము, ఏలయనగా సభలలో ఎక్కువ శ్రమతో చేయబడు వాదము అదియే. 1994లో విల్సన్, సెనీ అను పరిశోధకులు మోంటానాలోని గాలటిన్ అడవిలో, పాదచారులను, గుఱ్ఱములను, మోటారుసైకిళ్ళను, సైకిళ్ళను బాటలపై నడపించి, పిదప కృత్రిమవర్షము కురిపించి, కొట్టుకొనిపోవుటకు సిద్ధమైన మట్టిని కొలిచిరి. డెక్కలును పాదములును చక్రములకంటె ఎక్కువ మట్టిని వదలించినవి. అందును గుఱ్ఱము అగ్రస్థానమున నిలిచెను. ముందుగా తడిసిన బాటపై ఈ భేదము మఱింత స్ఫుటముగా కనబడెను. లాడము తొడిగిన డెక్క అంత బరువును అంత చిన్న చోటున మోపుచుండగా ఇందు ఆశ్చర్యమేమున్నది? చక్రమునకును దోషములు కలవు: వాలున బ్రేకు గట్టిగా పట్టినపుడు చాలు పడును, ఆ చాలులో నీరు పారును. మొత్తముమీద మట్టిని సాక్ష్యము పిలిచినచో అది గుఱ్ఱము పక్షమున పలుకదు. బాటను ఎవరు త్రొక్కుచున్నారనుటకంటె నీరు ఎక్కడ దిగిపోవుచున్నదనునదే బాట ఆయువును నిర్ణయించునని బాటలు వేయువారందఱును ఎఱుగుదురు.

వన్యమృగముల విషయమున సాక్ష్యము మిశ్రమముగా నున్నది. యూటాలోని యాంటిలోప్ ద్వీపమున అడవిదున్నలు, దుప్పులు, ప్రాంగ్‌హార్న్ జింకలు పాదచారిని చూచి పాఱిపోవుటకును సైకిలును చూచి పాఱిపోవుటకును భేదము కానరాలేదని టేలర్, నైట్ 2003లో ప్రకటించిరి. ఈశాన్య ఆరెగాన్‌లోని స్టార్కీ ప్రయోగవనమున ఎల్క్ మృగములపై జరిగిన దీర్ఘకాల పరిశోధనలో మాత్రము, నాలుగుచక్రముల మోటారుబండ్ల తరువాత స్థానము సైకిళ్ళదే. పాదచారులును రౌతులును వానికంటె తక్కువ కలత కలిగించిరి. సైకిలు ఒక్కపూటలో చాల దూరము పోవుటయు దీనికి ఒక కారణము కావచ్చును. నిర్జనారణ్యములలో సైకిలు నిషేధము నిలిచియుండుటయే మేలని నేను తలచుటకు ఇట్టి దూరమే హేతువు. ఆ అడవుల విలువ, వానిలోనికి పోవుటకు పట్టు కాలముపై ఆధారపడియున్నది. నాలుగు రోజుల అడవి ఒక్క మధ్యాహ్నపు అడవిగా కుదించుకొనిపోయినచో, మట్టికి నష్టము లేకున్నను, అందుకొఱకే వచ్చినవానికి నష్టము కలదు. కాని ఈ హేతువు నగరముల చెంతనున్న పార్కులకు వర్తింపదు. అక్కడి నిషేధమునకు వేఱు కారణము చూపవలెను.

సంఘముల సంగతి. మోంటానాలో 1973లో బయలుదేరిన బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్ సంఘమువారు అడవిబాటలపై కూలిన మ్రాకులను కోయుట మొదలు, బరువులు మోసికొని పోవు గుఱ్ఱములతో శాఖాధికారులకు సామాను చేరవేయుట వఱకు ఎన్నో సేవలు చేసిరి. 1988లో ఏర్పడిన అంతర్జాతీయ కొండసైకిలు సంఘము బాటల నిర్మాణమును శాస్త్రముగా అభివృద్ధి చేసి, వేలమందికి నేర్పెను. 2015లో సైకిలువారిలోనే చీలిక వచ్చినది. నిర్జనారణ్యములను గూడ సైకిళ్ళకు తెఱువవలెనని ఒక నూతన సంఘము ఉద్యమింపగా, 2016లో యూటా సెనేటర్లు మైక్ లీ, ఆరిన్ హ్యాచ్ అందుకొఱకై బిల్లు ప్రవేశపెట్టిరి. పాత సంఘము 1964 శాసనమును తిరుగదోడుటకు అంగీకరింపక, ప్రకృతిరక్షణోద్యమములతో తన మైత్రిని కాపాడుకొన్నది. ఆ బిల్లు శాసనము కాలేదు. స్వపక్షమువారి నింద కోర్చి ఆ సంఘము చూపిన నిగ్రహము ప్రశంసింపదగినదని నేను భావింతును.

ఒక ఒరలో రెండు కత్తులిమడవని ఈ విషయమున నిరాశ పలుకువారు ఇంగ్లండువైపు చూడవలెను. అక్కడ 1968 నాటి గ్రామసీమల శాసనము, గుఱ్ఱపుబాటలన్నిటిపైనను సైకిలునకు హక్కు నిచ్చుచునే, పాదచారులకును రౌతులకును దారి విడువవలెనను విధిని దానికి జోడించెను. సైకిలునకు అనుకూలముగా బాటను బాగుచేయు బాధ్యత ఎవరికిని లేదని గూడ చెప్పెను. కొండసైకిలు పుట్టుటకు కొన్నియేండ్లముందు చేసిన ఆ ఏర్పాటు నేటికిని నిలిచియున్నది. హక్కును బాధ్యతను ఒకేచోట ఇచ్చుటచే, ‘నేను చొరబడితిని’ అను శంక సైకిలువానికిని, ‘వీడు చొరబడెను’ అను కోపము రౌతునకును తగ్గినవి. ప్రజలకు హక్కు గల బాటలలో ఇంచుమించు అయిదవ వంతు మాత్రమే ఈ ఇరువురికిని తెఱచియుండుటచే, మఱిన్ని బాటలు కావలెనని అడుగునపుడు ఇరుపక్షములును తఱచుగా ఒకే పంక్తిని నిలుచును. స్కాట్లండు 2003లో ఇంకను ముందుకుపోయి, మోటారు లేని ప్రయాణికులందఱకును, బాధ్యతతో మెలగవలెనను షరతుపై, దాదాపు భూమి యంతటను సంచరించు హక్కు నిచ్చినది. వేల్స్‌లోని స్నోడన్ శిఖరమునకు పోవు గుఱ్ఱపుబాటలపై, జనము కిక్కిరిసియుండు మే నుండి సెప్టెంబరు చివరి వఱకు, పగలు పది గంటలనుండి సాయంత్రము అయిదు వఱకు తొక్కకుండుటకు సైకిలువారు స్వచ్ఛందముగా ఒప్పుకొనిరి. అక్కడ రద్దీ పాదచారులది. ఐనను కాలమును పంచుకొనుట యను ఉపాయము ఎక్కడికైనను కొనిపోదగినది.

అమెరికాలోను ఈ ఉపాయము తెలియనిది కాదు. సాల్ట్‌లేక్ నగరము చెంత మిల్‌క్రీక్ లోయ ఎగువబాటలలో సరిసంఖ్య తేదీలలోనే సైకిళ్ళకు ప్రవేశము. టాహో సరస్సు చుట్టునున్న బాటలో ఒక భాగమునకును అట్టి నియమమే. కొలరాడోలోని బౌల్డరు కౌంటీ బెటాసో వనమున బుధ, శనివారములు సైకిళ్ళకు సెలవు. తక్కిన దినములలో సైకిళ్ళన్నియు ఒకే దిక్కుగా తిరుగవలెను. ఇట్టి చోట్ల సైకిలువలన బెదరు గుఱ్ఱమును తెచ్చువాడు సైకిళ్ళు లేని దినమును ఎన్నుకొనును. వేగమునకు ముచ్చటపడువాడు తన దినమును ఎన్నుకొనును. మరీన్‌లో వెడల్పు బాటలపై గంటకు 15 మైళ్ళు, కనబడని మలుపుల వద్దను ఇతరులను దాటునపుడును 5 మైళ్ళు అను పరిమితి కలదు. వనరక్షకులు రాడారు యంత్రముతో నిలిచి జరిమానాలు విధించుటయు కలదు. సైకిలు పాదచారికిని గుఱ్ఱమునకును, పాదచారి గుఱ్ఱమునకును దారి విడువవలెనని తెలుపు త్రికోణపు పలక దేశమంతట వ్యాపించినది. ఆ క్రమము న్యాయమైనదే; గుఱ్ఱము ముందు వచ్చినదను కారణముచేత కాదు, ఎదురుపడిన ముగ్గురిలో పరిస్థితిని తెలిసికొనలేనిది అదొక్కటే యగుటచేత.

వీనియన్నిటికంటె నాకు ఆశ కలిగించిన యత్నము, మరీన్‌లో రౌతుల సంఘమును సైకిలువారి సంఘమును కలిసి, ‘వేగము తగ్గించుడు, పలుకరింపుడు’ అను పిలుపుతో సాగించిన ప్రచారము. సైకిలు హ్యాండిలుకు కట్టు చిన్న గంటలను వారు పంచిపెట్టిరి. ఇటువంటి మేళనములలో రౌతులు తమ గుఱ్ఱములను తెచ్చి నిలుపుదురు; సైకిలువారు వాని చుట్టును మెల్లగా తొక్కుచు, గంట మ్రోగించుచు, ఆగి మాటలాడుచు తిరుగుదురు. గంటకు రెండు గంటలకు గుఱ్ఱము సైకిలును ఉపేక్షించుట నేర్చును. రౌతు కొద్దీ గుఱ్ఱమని మనవారన్న మాట ఇక్కడ రౌతుల బాధ్యతను చక్కగా చెప్పుచున్నది: శిక్షణలేని గుఱ్ఱమును జనులతో నిండిన ఆదివారపు బాటకు తెచ్చువాడును అపాయమునకు పాలివాడే. సైకిలు నెన్నడును చూడని గుఱ్ఱముతో వచ్చి, సైకిలునే బాటనుండి తొలగింపుమనుట నిలువజాలని కోరిక.

బాటలను పూర్తిగా వేఱుచేయుట, అనగా రౌతులకొకటి, సైకిలువారికొకటి త్రవ్వుట, కొందఱికి సర్వరోగనివారిణిగా తోచును. స్థలము విస్తారముగా నున్నచోట, క్రీడకై కట్టిన దుముకుడు బాటల విషయమున, అది అవసరమే. కాని రెండు బాటలకు రెండింతల అడవి చీలవలెను, రెండింతల కాలువలు, వంతెనలు కావలెను, వానిని బాగుచేయువారు రెండింతలు కావలెను. వానకాలము దాటినపిదప పలుగు పారలతో వచ్చు స్వచ్ఛంద సేవకులు ఇప్పటికే చాలకున్నారు. అంతకంటె, ఉన్న బాటనే మలుపు మలుపునకు చూపుమేర విశాలమగునట్లు పొదలను కొట్టి, తిన్నని దిగుడులను వంకరలుగా మార్చి వేగము దానంతటదే తగ్గునట్లు చేసి, అక్కడక్కడ గుఱ్ఱము తొలగి నిలుచుటకు చోటు విడిచినచో, తక్కువ వ్యయముతో ఎక్కువ ప్రాణరక్షణ కలుగును. ఏ వాహనమునకు ప్రవేశము, ఏ వాహనమునకు నిషేధము అని నలువదియేండ్లు వాదించిన అధికారులు, ఏ మలుపులో ఎంత దూరము కనబడుచున్నదని టేపు పట్టుకొని కొలిచిన దినములు మిక్కిలి తక్కువ. ఈ తారుమారే వివాదమును ఇంతకాలము బ్రదికించినదని నా నిశ్చయము.

ఇటీవల విద్యుత్సైకిలు వచ్చి ఈ లెక్కలను మార్చివేసినది. 2019 ఆగస్టులో అమెరికా ఆంతరంగికశాఖ, 750 వాట్లకు మించని మోటారు గల సైకిళ్ళను మామూలు సైకిళ్ళతో సమానముగా చూడవలసినదిగా ఉత్తరువు చేసెను. 2020 చివర జాతీయోద్యానశాఖ దానికి తగిన నియమము చేసి, ఏ బాటపై అనుమతింపవలెనో నిర్ణయించుటను ఆయా ఉద్యానముల అధికారులకు వదలెను. మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున నుండిన వృద్ధులు దానివలన మరల కొండ చూచుచున్నారు; ఆ సంతోషమును కాదనుటకు నాకు మనసొప్పదు. ఐతే ఇంతవఱకు బాటల ఏర్పాటంతయు, సైకిలు దిగునపుడే వేగముగా పోవును, ఎక్కునపుడు నడకకు కొంచెము మించిన వేగముతో ఆయాసపడుచు వచ్చునను అనుభవముపై నిలిచియున్నది. వేగము తగ్గింపుమను పలకలు ఎగువనుండి వచ్చువానికి ఎదురుగా పాతబడినవి. పొదలు కొట్టినచోట్ల ఎగువవైపు చూపునకే కొట్టబడినవి. గంటకు 20 మైళ్ళ వఱకు మోటారు తోడుపడు సైకిలు దిగువనుండి, గుఱ్ఱపు వెనుకభాగమున, అది చూడలేని ఆ చోటునుండి రాగలదు. కనుక ఆ బాటలను తెఱచుటకు పూర్వము, ప్రతి మలుపును ఈమాఱు దిగువవైపునుండి గూడ కొలిచి, పలకలను రెండవ ముఖమునను వ్రాయవలసియున్నది.